1987 అక్టోబర్ 19: చార్ట్‌లో కనిపించని గతం

ఈ వారం వేరే టాపిక్ అనుకున్నాను. కానీ ఒక తమ్ముడు పెట్టిన మెసేజ్ చూశాక మార్చేశాను. పేరు, ఊరు చెప్పను. మెసేజ్ ఇది: "అన్నా, మూడేళ్ళ ఇండెక్స్ డేటా మీద బ్యాక్ టెస్ట్ చేశాను. ఆప్షన్ సెల్లింగ్. వంద ట్రేడ్లలో 78 లాభం వచ్చాయి. యాప్‌లో పర్సనల్ లోన్ 3 లక్షలు అప్రూవ్ అయ్యి ఉంది. క్యాపిటల్‌గా పెట్టేయనా?"

చూడండి, ఇతను చదువుకోని వాడు కాదు, టిప్స్ గ్రూపుల వెనక పడేవాడూ కాదు. కూర్చుని డేటా తీశాడు, లెక్క వేశాడు. మామూలుగా అయితే మెచ్చుకోవాల్సిన పనే. కానీ ఆ 78 అనే అంకె దేన్ని కొలిచింది, దేన్ని కొలవలేదు అన్నది చెప్పకుండా "పెట్టు" అనో "వద్దు" అనో అంటే అది జవాబు కాదు. దానికోసం మనం 1987 అమెరికాకి వెళ్ళాలి. అక్కడ ఇదే ప్రశ్న మీద ఒకేసారి రెండు గుంపులు పందెం కాశాయి. రెండూ గతాన్నే నమ్ముకున్నాయి. ఒకటి గెలిచింది, ఒకటి మునిగింది. గెలిచినవాళ్ళు కూడా తాము చెప్పిన కారణం వల్లే గెలిచారా అన్నది అసలు ఆసక్తికరమైన విషయం.

మొదటి గుంపుతో మొదలుపెడదాం. పాల్ ట్యూడర్ జోన్స్. అప్పటికి వయసు 33. మొదట న్యూయార్క్‌లో పత్తి ట్రేడింగ్ చేసినవాడు, తర్వాత సొంత ఫండ్ పెట్టాడు. అతని దగ్గర పీటర్ బోరిష్ అనే కుర్రాడు రీసెర్చ్ చూసేవాడు. బోరిష్ ఏం చేశాడంటే, 1920ల నాటి డౌ జోన్స్ చార్ట్ తీసి దాని మీద 1980ల చార్ట్ పెట్టాడు. రెండు గీతలూ పక్కపక్కనే ఎక్కుతున్నాయి. 1929లో అయినట్టే ఇప్పుడూ కూలుతుందన్నారు. వాళ్ళ మీద అప్పట్లో "ట్రేడర్" అని ఒక డాక్యుమెంటరీ కూడా తీశారు. అందులో ఈ చార్ట్ కనిపిస్తుంది.

1929 సంగతి ఒక నిమిషంలో చెప్తాను. సెప్టెంబర్ 3న డౌ 381 దగ్గర ముగిసింది. అక్టోబర్ 28న దాదాపు 13 శాతం, మర్నాడు ఇంకో 12 శాతం పడింది. 1932 జులైకి 41కి చేరింది. అంటే వంద రూపాయలు పదకొండు రూపాయలైంది అన్నమాట. మళ్ళీ ఆ 381ని చూడటానికి 1954 నవంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పతనం అంత వేగంగా రావడానికి ముఖ్యమైన కారణం అప్పు. జనం కొంచెం డబ్బు కట్టి, మిగతాది బ్రోకర్ దగ్గర అప్పు చేసి షేర్లు కొన్నారు. ఆ అప్పులు 850 కోట్ల డాలర్లు దాటాయి. ధర పడగానే బ్రోకర్ ఇంకా డబ్బు కట్టమంటాడు. కట్టలేనివాడి షేర్లు అమ్మేస్తాడు. ఆ అమ్మకంతో ధర ఇంకా పడుతుంది. అప్పుడు పక్కవాడికి ఫోన్ వస్తుంది. ఈ గొలుసును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు రెండో గుంపు. వీళ్ళు ప్రొఫెసర్లు. కాలిఫోర్నియాలో బర్క్‌లీ యూనివర్సిటీకి చెందిన హేన్ లీలండ్, మార్క్ రూబిన్‌స్టీన్. వీళ్ళ ఐడియా పేరు పోర్ట్‌ఫోలియో ఇన్సూరెన్స్. లీలండ్‌కి ఇది 1976లో తట్టింది. పని చేసే పద్ధతి చాలా సింపుల్. మీ దగ్గర పెద్ద షేర్ల పోర్ట్‌ఫోలియో ఉంది. మార్కెట్ కొంచెం పడితే, ఫార్ములా ప్రకారం కొన్ని ఇండెక్స్ ఫ్యూచర్స్ అమ్ముతారు. ఇంకా పడితే ఇంకా అమ్ముతారు. లేస్తే తిరిగి కొంటారు. ఇలా చేస్తూ పోతే ఒక స్థాయి కంటే కింద మీ నష్టం ఆగిపోతుంది. మన భాషలో చెప్పాలంటే, కంప్యూటర్ నడిపే పెద్ద స్టాప్ లాస్.

లెక్కలో తప్పు లేదు. ఎంత అమ్మాలి, ఎప్పుడు అమ్మాలి అన్నది ధరలు రోజుకు ఎంత కదులుతాయి అనే పాత డేటా నుంచి తీశారు. కానీ ఆ లెక్క కింద రెండు ఊహలు ఉన్నాయి. ఒకటి, ధర మెట్టు మెట్టుగా దిగుతుంది, పై అంతస్తు నుంచి దూకదు. రెండు, నేను అమ్మాలనుకున్నప్పుడు కొనేవాడు అక్కడ ఉంటాడు. పాత డేటాలో ఈ రెండూ నిజమే. ఎందుకు నిజమయ్యాయి? అప్పట్లో ఈ ఫార్ములాతో అమ్మేవాళ్ళు లేరు కాబట్టి. 1987 నాటికి ఈ పద్ధతి కింద 60 నుంచి 90 బిలియన్ డాలర్ల సొమ్ము ఉంది. అంటే 6,000 నుంచి 9,000 కోట్ల డాలర్లు. ఇంతమంది ఒకే గుమ్మంలోంచి ఒకేసారి బయటికి రావాల్సి వస్తే ఏమవుతుంది? ఆ ప్రశ్నకి ధరల డేటాలో జవాబు లేదు, అలాంటి రోజు అప్పటిదాకా రాలేదు కాబట్టి.

ఆ వారం అక్టోబర్ 14, బుధవారం మొదలైంది. డౌ 95 పాయింట్లు పడింది. గురువారం 58. శుక్రవారం 108, అంటే 4.6 శాతం. తర్వాత అమెరికా ప్రభుత్వం వేసిన బ్రేడీ కమిషన్ 1988 జనవరిలో రిపోర్ట్ ఇచ్చింది. అందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించిన లెక్క ఇది. ఆ మూడు రోజుల పతనానికి ఫార్ములా ప్రకారం పోర్ట్‌ఫోలియో ఇన్సూరెన్స్ వాళ్ళు కనీసం 12 బిలియన్ డాలర్ల అమ్మకాలు చేయాలి. వాళ్ళు చేసింది 4 బిలియన్ కంటే తక్కువ. మిగతా 8 బిలియన్? అది సోమవారానికి బాకీ. శనివారం, ఆదివారం చార్ట్ ఎంతసేపు చూసినా ఆ బాకీ మీకు కనబడదు. చార్ట్‌లో జరిగిన అమ్మకాలే ఉంటాయి. జరగాల్సినవి ఉండవు.

ఈ సంగతి తెలిసిన ట్రేడర్లు కొందరున్నారు. వాళ్ళకి తెలుసు, సోమవారం పొద్దున్నే ఇంత సరుకు అమ్మకానికి వస్తుందని. వాళ్ళేం చేస్తారు? వాళ్ళకంటే ముందే అమ్ముతారు.

అక్టోబర్ 19, సోమవారం. డౌ ఒక్క రోజులో 508 పాయింట్లు పడింది. 22.6 శాతం. 1929లో ఏ ఒక్క రోజూ ఇంత పడలేదు, తర్వాత ఈ రోజు వరకూ ఇంత పడలేదు. ఎస్ అండ్ పీ ఫ్యూచర్స్ అయితే 29 శాతం పడ్డాయి. ఫార్ములా అమ్మమంటోంది, అమ్ముతుంటే ధర పడుతోంది, పడింది కాబట్టి ఫార్ములా ఇంకా అమ్మమంటోంది. 1929లో బ్రోకర్ ఫోన్ చేసేవాడు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేసింది. గొలుసు అదే.

సరే, పాత ధరల లెక్క ప్రకారం ఇలాంటి రోజు రావడానికి ఛాన్స్ ఎంత? ఈ లెక్క తర్వాత వేసినవాళ్ళలో ఒకరు ఎవరో తెలుసా? అదే మార్క్ రూబిన్‌స్టీన్. 1996లో జాక్‌వెర్త్ అనే ఇంకో పరిశోధకుడితో కలిసి రాశాడు. ఫ్యూచర్స్ ఒక్క రోజులో 29 శాతం పడే సంభావ్యత, మామూలు మోడల్ ప్రకారం, ఒకటి పక్కన 160 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక్కసారి. మనకి కనిపించే విశ్వంలో ఉన్న అణువులు లెక్కపెట్టడానికి 80 సున్నాలు చాలంటారు. అంటే మోడల్ ప్రకారం ఆ సోమవారం రానే రాకూడదు. వచ్చింది. ఆ మోడల్ పుట్టించిన పద్ధతే దాన్ని తెచ్చినవాటిలో ఒకటి.

ఇక్కడ మీరు "సరే అన్నా, అర్థమైంది. డేటా వేస్ట్, హిస్టరీ బెస్ట్. ట్యూడర్ జోన్స్ హిస్టరీ చదివాడు, గెలిచాడు" అనొచ్చు. అవును, గెలిచాడు. ఆ సోమవారం అతను పతనం మీద పందెం కాసి ఉన్నాడు, ఆ ఏడాది బోలెడంత సంపాదించాడు. 1929 పోలిక బ్రహ్మాండంగా పనిచేసిందని తర్వాత ఇంటర్వ్యూలో కూడా చెప్పాడు.

కానీ ఒక్క నిమిషం ఆగండి. వాళ్ళ చార్ట్ పతనాన్ని చూపించింది 1988 వసంతకాలంలో. వచ్చింది 1987 అక్టోబర్‌లో. పైగా రెండు గీతలు కలిసేలా మొదలుపెట్టే చోటును అటూ ఇటూ జరిపామని బోరిష్ తర్వాత తానే ఒప్పుకున్నాడు. అంటే అది చరిత్ర పేరుతో చూపించిన ధరల డేటానే. ఒక గీత మీద ఇంకో గీత. దాంట్లో అప్పు ఎక్కడుంది? ఎవరు బలవంతంగా అమ్మాలో ఎక్కడుంది? లేదు.

దీనికి రుజువు కావాలంటే 2014 చూడండి. ఆ ఫిబ్రవరిలో ఇదే రకం చార్ట్ ఇంటర్నెట్‌లో తెగ తిరిగింది. 1928-29 గీత మీద 2012-14 గీత. అచ్చు గుద్దినట్టు ఉందన్నారు. కూలిపోతుందన్నారు. ఆ ఏడాది డౌ 7.5 శాతం పెరిగి ముగిసింది. గీతలు ఎలా కలిశాయంటే, ఎడమ పక్క స్కేల్ వేరు, కుడి పక్క స్కేల్ వేరు. స్కేల్ మన చేతిలో ఉంటే ఏ రెండు గుట్టలనైనా ఒకేలా చూపించొచ్చు.

మరి జోన్స్ దగ్గర పనికొచ్చింది ఏంటి? నా అభిప్రాయం చెప్తాను. పోర్ట్‌ఫోలియో ఇన్సూరెన్స్ అనే పెద్ద అమ్మకం మార్కెట్ కింద పొంచి ఉందని, పడితే అది ఇంకా పడేస్తుందని అతనికి తెలుసు. 1929 నుంచి తీసుకోవాల్సిన పాఠం చార్ట్ ఆకారం కాదు, బలవంతపు అమ్మకం అనే గొలుసు. ఆకారం 2014లో మళ్ళీ వచ్చింది, ఏమీ కాలేదు. గొలుసు 1987లో వేరే రూపంలో వచ్చింది, అంతా అయింది.

అందుకే గతం అంటే రెండు విషయాలు అంటాను నేను. ఒకటి ధరల గతం: ఎన్నిసార్లు పెరిగింది, ఎన్నిసార్లు తగ్గింది, ఎంత. రెండోది మనుషుల గతం: ఎవరు కొన్నారు, ఎవరి డబ్బుతో కొన్నారు, ఎప్పుడు అమ్మక తప్పలేదు. మొదటిది ఫోన్‌లో ఫ్రీగా దొరుకుతుంది. రెండోది చదవాలి.

డేటాని తీసిపారేయకండి. మనుషుల గతం కూడా మోసం చేస్తుంది. 1987 పతనం తర్వాత చాలామంది "ఇక 1930ల మాంద్యమే" అని భయపడ్డారు. ఆకారం చూస్తే అలాగే ఉంది మరి. కానీ మర్నాడు, అక్టోబర్ 20న, మార్కెట్ తెరవకముందే అమెరికా సెంట్రల్ బ్యాంక్ ఫెడ్ ఒక చిన్న ప్రకటన ఇచ్చింది. వ్యవస్థకి కావాల్సిన డబ్బు అందుబాటులో ఉంచుతాం అని. 1930ల మొదట్లో వేల బ్యాంకులు మూతబడ్డాయి, 1987లో అలా జరగలేదు. డౌ ఆ ఏడాదిని 2 శాతం పైన లాభంతోనే ముగించింది. 1989 ఆగస్టుకల్లా పాత శిఖరం దాటింది. 1929 కథను మక్కీకి మక్కీ నమ్మి భయంతో అమ్ముకున్నవాడు నష్టపోయాడు. మనకి గుర్తున్న కథలు భయంకరమైనవే ఉంటాయి, ఎందుకంటే ఏమీ జరగని రోజుల గురించి ఎవరూ సినిమా తీయరు. అలాంటి మామూలు రోజులు ఎన్నో లెక్క చెప్పేది డేటానే. ఆ పనికి దాన్ని మించింది లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2020 ఏప్రిల్ 20. లాక్‌డౌన్ టైమ్. ప్రపంచంలో బండ్లు, విమానాలు ఆగిపోయాయి. క్రూడాయిల్ కొనేవాడు లేడు. మన ఎంసీఎక్స్‌లో ఏప్రిల్ క్రూడ్ కాంట్రాక్ట్ ట్రేడ్ అవుతోంది. దాని సెటిల్‌మెంట్ అమెరికా ధరని బట్టి ఉంటుంది. లాక్‌డౌన్ వల్ల మన ట్రేడింగ్ సాయంత్రం 5 గంటలకే ముగిసింది. అప్పటికి ధర బ్యారెల్‌కి 965 రూపాయలు. మనవాళ్ళు భోజనాలు చేసి పడుకునే వేళకి, రాత్రి 11:30 దాటాక, అమెరికాలో ధర సున్నా కిందికి దిగింది. చివరికి మైనస్ 37.63 డాలర్ల దగ్గర సెటిల్ అయింది. మన దగ్గర సెటిల్‌మెంట్ ధర మైనస్ 2,884 రూపాయలు.

ఒక లాట్ అంటే 100 బ్యారెల్స్. సాయంత్రం 965కి ఒక లాట్ కొన్నవాడు ఏమనుకుంటాడు? "మొత్తం విలువ 96,500. సున్నా అయినా పోయేది అంతే." చరిత్రలో క్రూడ్ ఫ్యూచర్ ఎప్పుడూ సున్నా కిందికి వెళ్ళలేదు. ఎన్నేళ్ళ డేటా మీద బ్యాక్ టెస్ట్ చేసినా ఆ సంభావ్యత సున్నా అనే వస్తుంది. తెల్లారేసరికి అతని నష్టం 3,84,900 రూపాయలు. మధ్యలో అమ్ముకుందామన్నా మార్కెట్ మూసి ఉంది.

ధరలో లేనిది ఆ రోజు వేరే చోట ఉంది. అమెరికాలో కుషింగ్ అనే ఊరు, ఈ కాంట్రాక్ట్ సరుకు డెలివరీ అయ్యేది అక్కడే. అక్కడి ట్యాంకులు నిండిపోతున్నాయి, మిగిలిన ఖాళీ కూడా ముందే బుక్ అయిపోయింది. కాంట్రాక్ట్ గడువు మర్నాడే. గడువు దాకా ఉంచుకుంటే నిజంగా ఆయిల్ తీసుకోవాలి. దాచుకోవడానికి చోటు లేనివాడు డబ్బులు ఎదురిచ్చి అయినా వదిలించుకోవాలి. ఇక్కడా అదే, బలవంతపు అమ్మకం. పైగా తమ సిస్టమ్స్ నెగటివ్ ధరలను తీసుకోగలవని అమెరికా ఎక్స్చేంజ్ కొన్ని రోజుల ముందే ప్రకటించింది కూడా. చార్ట్ చూసినవాడికి ఇవేవీ కనబడలేదు.

ఇది పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళకే తెలిసే విషయం అనుకోకండి. గుంటూరు మిర్చి యార్డులో ఎవరైనా పాత వ్యాపారిని అడగండి. నిన్నటి రేటు అతనికి నోటికి వచ్చు. కానీ అతను ముందు ఆరా తీసేది కోల్డ్ స్టోరేజీల్లో ఎన్ని టిక్కీలు ఉన్నాయి, కొత్త పంట ఎప్పుడు దిగుతుంది అని. ఆ సరుకు ఎప్పుడో ఒకప్పుడు బయటికి రావాలి కదా. ఆ టిక్కీలే 1987లో ఆ 8 బిలియన్ డాలర్ల బాకీ. ఆ టిక్కీలే కుషింగ్‌లో నిండిన ట్యాంకులు.

ఇక తమ్ముడి ప్రశ్న. వందకి 78. తమ్ముడూ, నీ అంకె అబద్ధం అనను. ఒక లెక్క చేద్దాం. అంకెలు ఉదాహరణకే. గెలిచినప్పుడు వెయ్యి, ఓడినప్పుడు మూడు వేలు అనుకో. 78 గెలుపులకి 78,000 వచ్చింది. 22 ఓటములకి 66,000 పోయింది. వంద ట్రేడ్లకి 12,000 మిగిలింది. బాగానే ఉంది. ఇప్పుడు ఒకే ఒక్క రోజు, స్టాప్ లాస్ పడేలోపే మార్కెట్ దూకి, 60,000 పోయిందనుకో. 500 ట్రేడ్ల లాభం ఒక్క రోజులో పోయింది. ఆ ఒక్క రోజు నీ మూడేళ్ళ డేటాలో ఉందా? 2020 మార్చి 23న సెన్సెక్స్ 13 శాతం పడింది. నీ డేటా ఆ తర్వాత మొదలైతే, నీ 78 ఆ రోజును చూడనే లేదు. ఆప్షన్ అమ్మడం అంటే ఇన్సూరెన్స్ అమ్మడం. తుఫాను రాని మూడేళ్ళు చూసి ప్రీమియం రేటు పెట్టినట్టుంది నీ లెక్క.

ఇంకొకటి. నీ లాంటి వాళ్ళు ఎంతమంది, వాళ్ళకేమైంది అన్న డేటా కూడా ఉంది. సెబీ 2024 సెప్టెంబర్‌లో బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తిగత ట్రేడర్లు కోటికి పైనే. వాళ్ళలో 93 శాతం మంది నష్టపోయారు. సగటున ఒక్కొక్కరికి సుమారు 2 లక్షలు, ఖర్చులతో కలిపి. మొత్తం 1.8 లక్షల కోట్లు దాటింది. వాళ్ళలో చాలామంది దగ్గర కూడా ఒక మంచి బ్యాక్ టెస్ట్ ఉండే ఉంటుంది. నీ 78ని ఈ 93 పక్కన పెట్టి చూడు.

కాబట్టి ఏ సిస్టమ్ అయినా సరే, డబ్బు పెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నా డేటాలో అతి చెడ్డ రోజు ఏది, దానికంటే రెండింతలు చెడ్డ రోజు వస్తే నేను మిగులుతానా? ఇదే పందెం నాతోపాటు ఇంకెంతమంది కాస్తున్నారు, అందరం ఒకేసారి బయటికి రావాల్సి వస్తే ఏంటి పరిస్థితి? మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: అమ్మక తప్పని పరిస్థితి నాకే వస్తుందా?

ఈ మూడో ప్రశ్న దగ్గరే లోన్ సంగతి తేలిపోతుంది. 1929లో పోయినవాళ్ళలో చాలామందికి అమెరికా కంపెనీల మీద అంచనా తప్పు కాదు. ఆ కంపెనీల్లో చాలా తర్వాత నిలబడ్డాయి. కానీ అప్పు తెచ్చినవాడికి అంతవరకు ఆగే హక్కు లేదు. ఈఎంఐ నెలనెలా ఒకే తారీఖున వస్తుంది, మార్కెట్ ఎలా ఉన్నా సరే. 3 లక్షల లోన్ తీసుకున్న రోజు నువ్వు ఆ గొలుసులో ఒక లింక్ అయిపోతావు. ఎవరో ఒక ట్రేడర్ చార్ట్ పక్కన పెట్టి, బలవంతంగా అమ్మాల్సినవాళ్ళు ఎవరు అని వెతుకుతాడు చూడు, ఆ లిస్టులో నీ పేరు ఉంటుంది.

లోన్ వద్దు తమ్ముడూ. నీ బ్యాక్ టెస్ట్ దాచుకో. 2008 నుంచి, 2020 మార్చి కూడా కలిసేలా, మళ్ళీ చేసి చూడు. నెగ్గితే, పోయినా నిద్ర పట్టేంత సొంత డబ్బుతో మొదలుపెట్టు.

ఇది పెట్టుబడి సలహా కాదు, చరిత్ర పాఠం అనుకోండి. మీ దగ్గర బ్యాక్ టెస్ట్ ఉంటే, అందులో అతి చెడ్డ రోజు ఏదో కామెంట్‌లో రాయండి. గెలుపు శాతం వద్దు, ఆ ఒక్క రోజు చాలు. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను మరి.